టోకెన్ నంబరు అడగొద్దు

ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో చాలా ఏళ్లపాటు, మనిషి తలకు దెబ్బ తగిలి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "నీ టోకెన్ నంబరెంతప్పా?" దీన్ని నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. హోసూరులో ఆ ఫ్యాక్టరీలో చేరిన మొదటి వారం, నా ముందరి కాంపౌండరు నేర్పాడు. కొలిమి వేడికి సొమ్మసిల్లినా, నూనె మీద కాలు జారి వెల్లకిలా పడినా, మొహాన నీళ్లు చల్లి టోకెన్ నంబరు అడగాలి. తడుముకోకుండా చెప్పాడా, తల సరిగ్గా ఉన్నట్టే. కాసేపు కూర్చోబెట్టి, టీ తాగించి, మెషిన్ దగ్గరకు పంపేయాలి. గేటులో, క్యాంటీన్‌లో, స్టోర్స్‌లో రోజుకు నాలుగుసార్లు చెప్పే నంబరది. మా వాళ్లు నిద్రలో పెళ్లాం పేరు తప్పు పలుకుతారేమో గానీ టోకెన్ నంబరు తప్పరు.

ఇప్పుడు డిస్పెన్సరీలో కొత్తగా చేరిన పిల్లలు కనబడినప్పుడల్లా ఆ ఫుట్‌బాల్ సంగతి చెప్పమంటారు. అందులో సగం నా తప్పు, సగం నా గొప్ప. రెండూ చెబుతాను. గొప్ప కాస్త ఎక్కువగా చెప్పుకున్నా ఓర్చుకోండి, రిటైరైనవాడికి ఆ మాత్రం సెలవు ఇవ్వాలి.

మా ఫ్యాక్టరీకి ఫుట్‌బాల్ టీము ఉండేది. ఆటకోసమే ఉద్యోగం ఇచ్చి తెచ్చుకున్న కుర్రాళ్లు. పేరుకు ట్రెయినీలు, మధ్యాహ్నం దాకా షాపులో పని, ఆ తరువాత మత్తిగిరి దగ్గర మైదానంలో ఆట. రెండేళ్లు బాగా ఆడితే ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, లేకపోతే బూట్లు సంచిలో వేసుకుని ఊరికి పోవాలి. టూల్ రూమ్‌లో ఫోర్‌మన్‌గా ఉన్న ఒకాయన వాళ్లకు కోచ్. తన కాలంలో మంచి ఆటగాడు, మోకాలు పోయాక గొంతుతో ఆడేవాడు. మ్యాచ్ ఉన్న రోజు ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని గీత పక్కన కూర్చోవడం నా డ్యూటీ. నిజం చెప్పాలంటే డ్యూటీ అని ఎప్పుడూ అనిపించలేదు. ఆ పెట్టె మీద కూర్చుంటే నేను కూడా టీములో పన్నెండోవాణ్ననే అనుకునేవాణ్ని.

ఆ టీముకంతటికీ ప్రాణం మా స్టాపర్. గోల్ ముందర నిలబడి అడ్డుకునే ఆటగాణ్ని స్టాపర్ అంటారు. ఇతను కెలవరపల్లి డ్యాం పక్క పల్లెవాడు, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. ఆరడుగుల మనిషి. అవతలి గోలీ తన్నిన బంతి ఆకాశంలోంచి కిందికి దిగుతుంటే అందరూ పక్కకు జరిగేవాళ్లు. ఇతను మాత్రం దాని కిందికి పోయి నుదుటితో కొట్టేవాడు. ఆ ధన్‌మన్న శబ్దం వింటే చూసేవాళ్లకు ఒళ్లు పులకరించేది. ప్రాక్టీసులో కోచ్ వరసగా యాభై బంతులు వేసి తలతో కొట్టించేవాడు. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేవాణ్ని, చప్పట్లు కూడా కొట్టేవాణ్ని.

ఇక నా తప్పు. మత్తిగిరిలోనే ఒక లీగు మ్యాచ్. గాల్లో బంతికోసం ఎగిరినప్పుడు అవతలి ఆటగాడి మోచెయ్యి మా స్టాపర్ కణతకు తగిలింది. మొద్దులా పడిపోయాడు. నేను పెట్టె ఎత్తుకుని పరుగెత్తాను. మొహాన నీళ్లు కొట్టాను. కళ్లు తెరిచాడు.

"టోకెన్ నంబరెంతప్పా?"

"ట్వెంటీవన్ సెవెంటీన్" అన్నాడు టక్కున.

నేను చెయ్యి ఊపాను. అతను లేచి ఆడాడు. అద్భుతంగా ఆడాడు, గెలిచాం కూడా. కోచ్ నా వీపు తట్టి, "మా కాంపౌండరు చెయ్యి పడితే సచ్చినోడు లేచి ఆడతాడప్పా!" అని అందరి ముందరా అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో స్టాపర్ నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, మన గోలు ఎవురు కొట్టింది?" అని అడిగాడు. చెప్పాను. ఫ్యాక్టరీ గేటు వచ్చేలోపు అదే ప్రశ్న మళ్లీ అడిగాడు, ఇంకోసారి అడిగాడు. వ్యానంతా గొల్లుమంది. "గోలు కొట్టినోని మీద కుళ్లు, అందుకే పేరు మరిచిపోతా ఉండాడు" అని ఎవరో ఎగతాళి చేశారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. వైద్యం కాస్తోకూస్తో తెలిసి ఆ వ్యానులో ఉన్నది నేనొక్కణ్నే, అయినా నవ్వాను.

ఆ తరువాత అతను తరచుగా డిస్పెన్సరీకి రావడం మొదలుపెట్టాడు. తలనొప్పి అనేవాడు, మాత్ర ఇచ్చేవాణ్ని. ప్రెస్ షాపు చప్పుడు తట్టుకోలేకపోతున్నానన్నాడు, చెవుల్లో దూది పెట్టాను. వెలుతురు చూడలేకపోతున్నానన్నాడు, కంటి డాక్టరు దగ్గరకు పొమ్మన్నాను. మూడింటినీ ఒకచోట పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆటలో తగిలిన దెబ్బల్ని మేం రిజిస్టరులో ఎక్కించేవాళ్లం కాదు, అది మా అలవాటు. కాబట్టి కాగితం మీద కూడా ఏమీ లేదు.

ఒక ఆదివారం పొద్దున అతని భార్య మత్తిగిరిలో మా ఇంటికి వచ్చింది. అప్పుడే కొత్తగా పెళ్లయిన పిల్ల. మా ఆవిడ కాఫీ ఇచ్చినా తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"అన్నా, ఈయప్పకు ఏమో అయిండాదన్నా. మా మామకు నూరుదాకా గొర్లు ఉండాయి. సాయంకాలం దొడ్డికి తోలేటప్పుడు ఈయప్ప గేటుకాడ నిలబడి సుమ్మనే ఒగసారి చూసినాడంటే చాలు, ఇన్ని ఉండాయి, నల్లచెవులది రాలేదు అని చెప్పేస్తాడు. చిన్నప్పటినుంచి అంతే. మొన్న మూడుసార్లు ఎంచినాడు. మూడుసార్లూ వేరే వేరే చెప్పినాడు. మా మామ నవ్వితే కట్టె ఎత్తుకొని కొట్టేదానికి పోయినాడన్నా, కన్న తండ్రిని!"

వ్యానులో మూడుసార్లు అడిగిన ప్రశ్న, దొడ్డి దగ్గర మూడుసార్లు తప్పిన లెక్క. అప్పుడు ఒకచోటికి వచ్చాయి నా బుర్రలో అన్నీ.

మరుసటి రోజు డాక్టరమ్మ వచ్చే రోజు. వారానికి రెండుసార్లు బెంగళూరు నుంచి వచ్చేది, కన్నడం మాట్లాడే మనిషి అయినా మా తెలుగులోనే తిట్టేది. జరిగింది దాచకుండా చెప్పాను. టోకెన్ నంబరు సంగతి కూడా చెప్పాను, కాస్త తెలివిగా చేశాననే ధీమాతోనే.

"టోకెన్ నంబరా?" అని పెన్ను కింద పెట్టింది. "రెండేండ్లుగా రోజూ చెప్పే నంబరు యాడికి పోతుందప్పా? తలకాయకు దెబ్బ తగిలితే పోయేది పాత సంగతి కాదు, ఇప్పుడు జరిగిన సంగతి. గోలు ఎవురు కొట్టినారు, మొదటి సగమా రెండో సగమా, పోయిన వారం ఎవురితో ఆడినారు, ఇట్లాంటివి అడగాల. ఇన్నేండ్ల సర్వీసులో నీకు అది తెలీదా?"

తెలియదు.

స్టాపర్‌ను పిలిపించి పరీక్ష చేసింది. దీన్ని కంకషన్ అంటారని, పుర్రె పగలకపోయినా లోపల మెదడు అదిరిపోతుందని నాకు విడమరిచి చెప్పింది. స్కానింగ్‌లో చాలాసార్లు ఏమీ కనబడదట. అది సర్దుకోకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే రావచ్చట. ప్రాణం నిలిచినా, ఏళ్ల తరబడి తలకు దెబ్బలు తింటూ ఆడినవాళ్లలో కొందరికి నడివయసులోనే మతిమరుపు, పట్టరాని కోపం, ఎవరూ ఓదార్చలేని దిగులు పట్టుకుంటాయట. నేను లెక్కపెట్టి చప్పట్లు కొట్టిన ఆ యాభై బంతులు గుర్తొచ్చాయి. ఆమె చెప్పిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, పెట్టె మూతకు లోపలివైపు అతికించాను.

తలనొప్పి పూర్తిగా పోయేదాకా ఆడకూడదని ఆమె రాసింది. మూడు వారాల తరువాత స్టాపర్ నవ్వుకుంటూ వచ్చాడు. నొప్పి లేదన్నాడు, వెలుతురు బాగుందన్నాడు, అడిగినవన్నీ సరిగ్గా చెప్పాడు. ఆమె సరే అంది. మత్తిగిరిలో మందుల షాపులో అతను సొంతంగా మాత్రలు కొనుక్కుని మింగుతున్నాడని మాకు అప్పుడు తెలియదు. అతని రెండేళ్లు ముగుస్తున్నాయి. పర్మనెంటు చేసేవాళ్ల జాబితా ఆ సీజన్ చివరి మ్యాచ్ తరువాత తయారవుతుంది. ఆ చివరి మ్యాచ్ కృష్ణగిరిలో, ఫైనల్.

ఫైనల్ జరిగింది మామిడికాయల కాలంలో. కృష్ణగిరి కొండ వేడికి కాలిపోతోంది, మైదానం చుట్టూ జనం తువ్వాళ్లు తలమీద కప్పుకుని నిలబడ్డారు. మొదటి సగంలోనే వాళ్లు ఒక గోలు కొట్టారు. రెండో సగం మొదట్లో మాకు కార్నర్ వచ్చింది. మా స్టాపర్ ముందుకు పోయి తలతో కొట్టాడు, గోలు! ఒకటి ఒకటి. నేను పెట్టె మీదికెక్కి ఎగిరాను. డాక్టరమ్మ చెప్పిందంతా ఆ ఒక్క క్షణం మరిచిపోయాను, నా తప్పుల్లో అది కూడా కలుపుకోండి.

ఆట ఇంకో పదిహేను నిమిషాలు ఉందనగా మా గోల్ ముందర ఇద్దరి తలలు కొట్టుకున్నాయి. ఆ చప్పుడు నాకు గీత దాకా వినిపించింది. అవతలివాడు తల పట్టుకుని కూర్చున్నాడు. మావాడు పడనైనా పడలేదు, ఒక మోకాలి మీద వంగి వెంటనే లేచి నిలబడి రొమ్ము చరుచుకున్నాడు. జనం ఈలలు వేశారు. రిఫరీ ఆట ఆపాడు. నేను పరుగెత్తాను.

నేను నోరు తెరిచేలోపే, "ట్వెంటీవన్ సెవెంటీన్ అన్నా!" అని అరిచాడు. నవ్వుతున్నాడు. పాఠం అప్పజెప్పేసిన పిల్లవాడి నవ్వు.

"అది కాదప్పా. మన గోలు ఎవరు కొట్టినారు?"

నవ్వు ఆగిపోయింది. నా మొహంకేసి చూశాడు, స్కోరు బోర్డుకేసి చూశాడు. బోర్డు మీద పేర్లుండవు. పెదాలు తడుపుకున్నాడు. "ట్వెంటీవన్ సెవెంటీన్" అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు.

గోలు కొట్టింది అతనే. అరగంట కూడా కాలేదు. వేలమంది చూశారు, అతని తలకొక్కదానికే తెలియదు.

భుజం పట్టి గీత బయటికి తెచ్చి కూర్చోబెట్టాను. కోచ్ ఊగిపోతూ వచ్చాడు. మార్చుకోగలిగిన ఆటగాళ్లను ముగ్గురినీ అప్పటికే మార్చేశాం. ఇతను పోకపోతే పదిమందే.

"ఏంటికప్పా కూర్చోబెట్టినావు? నిలబడే ఉండాడు కదా!"

"ఆడేది లేదు."

"నువ్వెవరు చెప్పేదానికి? పదైదు నిముషాలప్పా! వాని ఉద్యోగం ఈడే ఉండాది, నీకు తెలీదా?"

తెలుసు. స్టాపర్ నా చెయ్యి విదిలించుకుని లేవబోయాడు. అతన్ని బలంతో ఆపగలిగే మనిషిని కాను నేను, అతని రొమ్ము దాకా వస్తాను. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. కింద కూర్చుని అతని కుడి బూటు తాళ్లు విప్పి, బూటు లాగేసి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో వేసి, మూత మూసి తాళం వేసి, దాని మీద కూర్చున్నాను. ఒంటి బూటుతో ఏ రిఫరీ లోపలికి రానివ్వడు.

అతను నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. తరువాత ఏడ్చాడు. "అన్నా, నా పొట్ట కొట్టొద్దన్నా, నీ కాళ్లు మొక్కుతానన్నా" అన్నాడు. కోచ్ నా మొహం మీదే ఉమ్మేసినంత పని చేశాడు. చుట్టూ ఉన్న మా ఫ్యాక్టరీవాళ్లు నన్ను అవతలి టీముకు అమ్ముడుపోయానన్నారు. నేను కదల్లేదు. పెట్టె లోపల ఒక బూటు, మూతకు ఒక కాగితం, పైన నేను. మా పదిమంది ప్రాణాలు పెట్టి ఆడారు. చివర్లో వాళ్లకు ఒక కార్నర్ వచ్చింది. బంతి సరిగ్గా మా స్టాపర్ ఎప్పుడూ నిలబడే చోటుకే దిగింది. అక్కడ ఎవరూ లేరు. రెండు ఒకటి.

తిరుగు వ్యానులో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. శూలగిరి దాటాక స్టాపర్ వాంతి చేసుకున్నాడు. ఇంకోసారి చేసుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది, తల నా ఒళ్లోకి వాలిపోయింది. అప్పుడు కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. "బిన్నా పోనీప్పా" అని డ్రైవరును తొందరపెట్టింది ఆయనే. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాం. రెండు రోజులు ఉంచుకున్నారు. అదృష్టం, తల లోపల రక్తం కారలేదు. ఇంకొక్క దెబ్బ తగిలుంటే ఏమయ్యేదో చెప్పలేమని అక్కడి డాక్టరు కోచ్‌తోనే అన్నాడు. మాత్రల సంగతి అతని భార్య అప్పుడు చెప్పింది, ఏడుస్తూ.

ప్రాణం దక్కింది సరే, ఉద్యోగం మాట? ఇక ఆడలేని ఆటగాణ్ని ఏ జాబితాలో పెడతారు? ఆ రాత్రంతా నేను చేసిన ఆలోచనకు మరునాడు రిజిస్టరు దారి చూపింది. మ్యాచ్‌కు పోయే ప్రతివాడికీ కంపెనీ ఆన్ డ్యూటీ చీటీ ఇస్తుంది. డ్యూటీలో తగిలిన దెబ్బ ప్రమాదం కాక మరేమిటి? ప్రమాదాల రిజిస్టరు తెరిచి, మత్తిగిరి దెబ్బ, కృష్ణగిరి దెబ్బ రెండూ రాశాను. మొదటిది నేను అప్పుడు ఎందుకు రాయలేదో కూడా రాశాను. డాక్టరమ్మ చదివి కింద సంతకం పెట్టింది.

మీకు తెలుసుగా, గేటు దగ్గర ప్రమాదం లేకుండా గడిచిన రోజుల బోర్డు. అప్పటికి ఏడాదికి ఇంకో వారమే తక్కువ. ఏడాది నిండితే మనిషికొక స్టీలు టిఫిన్ క్యారియర్ ఇస్తామని కంపెనీ చెప్పింది. సేఫ్టీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ఆట వేరే, పని వేరే. ఆ పేజీ తీసేయప్పా" అన్నాడు. "చీటీ మీద సంతకం మీదే కదా సార్" అన్నాను. అంతకుముందెప్పుడూ ఒక ఆఫీసరుకు నేను అలా జవాబు చెప్పలేదు.

మరుసటి రోజు బోర్డు మీద సున్నా పడింది. కప్పు పోగొట్టినవాడు, క్యారియర్లు పోగొట్టినవాడు ఒకడే. క్యాంటీన్‌లో నెలరోజులు నా గిన్నెలో సాంబారులో ముక్క పడలేదు. వడ్డించేవాడు గరిటెను పైపైన తేల్చి పోసేవాడు. నేను ఆ నీళ్ల సాంబారును తల ఎత్తుకునే తిన్నాను.

డ్యూటీలో గాయపడిన మనిషిని ఇంటికి పంపడం కుదరదని తేలింది. అతన్ని స్టోర్స్‌లో పర్మనెంటు చేశారు. మళ్లీ బంతిని తలతో తాకలేదు. కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఒక సాయంత్రం అతని భార్య ఫోన్ చేసింది. "అన్నా, ఈ పొద్దు ఒగసారి చూసి చెప్పినాడన్నా. తొంభైనాలుగు. మా మామ ఎంచి చూసినాడు, తొంభైనాలుగే!" నేను ఫోన్ పెట్టేసి మా ఆవిడ ముందర చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎండలో ఇప్పటికీ అతనికి నల్ల కళ్లద్దాలు కావాలి, చప్పుడెక్కువైతే బయటికి పోతాడు. పూర్తిగా నయమైందని అబద్ధం చెప్పను.

కోచ్ నాకు క్షమాపణ చెప్పలేదు, చెప్పే మనిషీ కాదు. కానీ తరువాతి సీజన్ మొదటి రోజున యాభై బంతుల ప్రాక్టీసు మానేశాడు. ఒక కుర్రాడు కిందపడితే, కొత్తగా వచ్చిన నా సహాయకుడు పాత పద్ధతిలో టోకెన్ నంబరు అడగబోతే, అవతలి గీత నుంచి ఆయన గొంతు వినిపించింది: "టోకెన్ అడగొద్దప్పా! గోలు ఎవురు కొట్టినారో అడుగు!"

నా రిటైర్మెంటు రోజు క్యాంటీన్‌లోనే సభ పెట్టారు. గోడకు వరసగా టీము గెలిచిన కప్పులు. చివర స్టాపర్‌ను మాట్లాడమన్నారు. నల్ల కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని లేచాడు.

"కృష్ణగిరి మ్యాచ్ నాకు ఇప్పటికీ జ్ఞాపకం లేదప్పా. గోలు నేనే కొట్టినానంట, జ్ఞాపకం లేదు. ఈ అన్నను బూతులు తిట్టినానంట, అదీ జ్ఞాపకం లేదు. నా కూతురు పుట్టింది జ్ఞాపకం ఉండాది. దాని మొదటి మాట జ్ఞాపకం ఉండాది. పొద్దున అది బడికి పోతా ఏమని చెప్పిందో, అదీ జ్ఞాపకం ఉండాది."

ఆ తరువాత నావైపు తిరిగాడు. "అన్నా, నువ్వే చెప్పాల. ఆ పొద్దు స్కోరెంత?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను అంత గట్టిగా ఏ మాటా పలకలేదు.

"రెండు ఒకటి" అన్నాను. "ఓడిపోయినాము."